ఎడమ చేతి ముడి

చంద్రకళ టాకీసును కూలగొట్టే ముందు అందులో చివరిసారి ఒక్క ఆట ఆడించాలని అనుకున్నారు. ఆ కబురు సిద్దిపేటంతా చుట్టివచ్చి, కోమటిచెరువు కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్ల నోళ్లలో నాని, చిట్టచివరికి టాకీసు ఎదురుగానే కూర్చుని జాకెట్లు కుట్టే వనజ చెవిన పడింది. మిషన్ మీంచి తలెత్తితే ఆమెకు కనపడేది ఆ టాకీసు గోడే. పోస్టర్లు అంటించీ చింపీ, అంటించీ చింపీ ఆ గోడ మందం పెరిగిందని ఆమె నమ్మకం. టాకీసుకు తాళం పడి ఏళ్లవుతున్నా, పని మధ్యలో కళ్లకు కాస్త విశ్రాంతి కావాలంటే ఆమె చూపు అక్కడికే పోతుంది.

కబురు ఆలస్యం కావడంలో వింతేమీ లేదు. అది తిరిగింది ఫోన్లలో, ‘చంద్రకళ మిత్రబృందం’ అనే గ్రూపులో. ఆ గ్రూపులో ఒక్క ఆడమనిషి లేదు. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన కర్ణాకర్ దానికి పెద్ద. పొద్దున లేస్తే టాకీసు పక్క చాయ్ హోటల్లో దోస్తులను పోగేసుకుని, మొదటి రోజు మొదటి ఆట టికెట్ కోసం ఎవరు ఎవరి భుజాలెక్కి కౌంటర్ దాకా పాకారో, ఎవరి అంగీ చిరిగిందో చెప్పుకోవడం ఆయనకిప్పుడు ఉద్యోగంతో సమానం. చెప్పిందే చెప్తారు, నవ్విన చోటే నవ్వుతారు. రోడ్డుకు ఇవతల కూర్చున్న వనజకు ఆ కథలన్నీ నోటికొచ్చు.

ఆ బుధవారం కర్ణాకర్ స్కూటర్ మీద ఎర్ర సాటిన్ గుడ్డ తాను పెట్టుకుని వచ్చి షాపు ముందు ఆగాడు.

“చెల్లె, నీతోని ఒక పనిబడ్డది.”

“పండుగ లేదు, లగ్గం లేదు. గింత ఎర్రగుడ్డ ఎందుకన్నా?”

“తెర కుట్టాలె. టాకీసు తెర. పాతదంత ఎలుకలు కొరికినయి. ఆట షురువయ్యే ముందు మెల్లగ పైకి లేవాలె, కింద కుచ్చులు ఊగాలె. యాదికున్నదా?”

వనజకు యాదికి లేకపోవడమా! గంట మోగి, దీపాలు ఒక్కొక్కటే మసకబారి, ఎర్రటి తెర కుచ్చులూపుకుంటూ లేస్తుంటే, ఇంట్లో ఏం వదిలి వచ్చారో మరిచిపోయి ఆడవాళ్లు ఒక్కసారిగా నోరు మూసుకునేవాళ్లు. సినిమా కంటే ఆ తెర లేవడమే ఆమెకు ఎక్కువ ఇష్టంగా ఉండేది. గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసింది. మంచి గుడ్డే.

“ఏం సినిమా ఆడిస్తున్నరు?”

“ఇంకేం సినిమా! వంద రోజులాడిందే. మా హీరో బుల్లెట్ మీద గోడ దుంకేది.”

వనజ చేతిలో గుడ్డ జారింది. “ముడి జాకెట్ సినిమానా? దొరికిందా?”

ఆ సినిమాకు పేరొకటి ఉంది గానీ సిద్దిపేటలో దాన్ని పలికినవాళ్లు తక్కువ. మగవాళ్లకు అది బుల్లెట్ బండి సినిమా, ఆడవాళ్లకు ముడి జాకెట్ సినిమా. తీసిన ఆయన కొడుకులు కొట్లాడుకుని దాన్ని మూలన పడేశారో ఏమో, టీవీలో ఒక్కసారీ రాలేదు, ఫోన్లో వెతికినా దొరకదు. కర్ణాకర్ ఊరూరి అభిమాన సంఘాలను అడిగి అడిగి, విజయవాడలో ఒకాయన దగ్గర కంప్యూటర్‌కు తగిలించే చిన్న డబ్బాలో ఉన్న ఆ సినిమాను సంపాదించాడు. ఆ మాటకొస్తే అది మెచ్చుకోవాల్సిన సంగతే.

“మంచి పని చేసినవన్నా. గా పాట మల్ల చూడొచ్చు.”

కర్ణాకర్ తల గోక్కున్నాడు. “పాటలు తీసేసినం చెల్లె. టాకీసు సేటు ఒక్క సాయంత్రమే జాగ ఇచ్చిండు. ఉపన్యాసాలుంటయి, సన్మానాలుంటయి. అందుకే ఫైటింగులు, డైలాగులు పెట్టుకుని కడమది కోసినం. పాటలెవరు చూస్తరు?”

“వంద రోజులు ఎవరు చూసిన్రు మరి?”

“మేం చూసినం గదా.”

ఆయన ఆ మాట గర్వంగా కూడా అనలేదు. పొద్దు తూర్పున పొడుస్తుందన్నంత మామూలుగా అన్నాడు. అదే వనజకు కాలింది.

“ఆడోళ్లెక్కడ కూసుంటరన్నా?”

“ఆడోళ్లా?” ఆ ఆలోచన ఆయనకు అప్పుడే మొదటిసారి వచ్చిందని ముఖంలోనే తెలుస్తోంది. “మాది పాత దోస్తుల ముచ్చట చెల్లె. మీరొచ్చి ఏం చేస్తరు? అవుగని, ఆదివారం దాటి మూడో నాటికి తెర కావాలె. కుడ్తవు గదా?”

వనజ గుడ్డ తీసి బల్ల కింద పెట్టింది. ఆమెకు కోపం వెంటనే రాదు. మిషన్ తొక్కుతుంటే మెల్లగా వస్తుంది, వచ్చాక పోదు.

రెండో రోజు టాకీసు పాత ఆపరేటర్ రాజం తెర కొలతలు పట్టుకొచ్చాడు. మోకాళ్ల నొప్పులతో నడవలేక నడుస్తున్నా, తెర తాడు లాగేది మాత్రం తానేనని కర్ణాకర్‌తో ముందే ఒప్పందం చేసుకున్న మనిషి. వనజ స్టూలు జరిపింది.

“రాజం మామా, గా పాట యాదికున్నదా నీకు?”

“యాదికి లేకుంటదా బిడ్డా! నా చెయ్యితోనే కోసిన.” ఆయన బోసినోటితో నవ్వాడు. “మొదటి వారం మస్తు రద్దీ. ఐదో ఆట ఇరికియ్యమని సేటు ఒకటే లొల్లి. పాట కోసెయ్యమన్నడు. మొత్తం కోస్తే మీరు కుర్చీలిరగ్గొడ్తరని సగం ఉంచిన. అద్దంల చూసుకుంట ముడేసుకుని, తలుపు తీసి అడుగు బయట పెడ్తదా... గంతే. జీపులు, ఫైటింగు. మల్ల అతికియ్యనే లేదు.”

“మిగిలిన సగం నువ్వు చూసినవా?”

“సూడకేం. పొలాల గట్ల మీద ఉరుకుతది, ఏదో పాడతది. రద్దీల ఎవరు సక్కగ సూసిన్రు.”

“నేను చూడలే మామా. గప్పటి సంది చూడాలనే ఉన్నది.”

ఆ మాట అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్లలో పైకి ఎవరితోనూ అనలేదు మరి. ఆ రోజుల్లో ఆమె పెళ్లీడు పిల్ల, కాజాలు కుట్టడం తప్ప ఏమీ రాదు. తెరంతా నిండిన ఒక గోడ అద్దంలో ఆ హీరోయిన్ ముఖం, ఒక బుట్టచెయ్యి. ఆ చేతికి మాత్రమే ఒక రిబ్బను ముడి. రిబ్బను ఒక కొసను పళ్లతో పట్టుకుని, రెండో చేత్తో బిగించి లాగుతుంది. ఆ కాస్త చూసి ఇంటికెళ్లి, పాత చీర చింపి అచ్చం అలాగే కుట్టింది వనజ. ముడి ఎడమ చేతికి. చూసినవాళ్లు మాకూ, మాకూ అన్నారు. ఊళ్లో వనజలు చాలామంది ఉండొచ్చు గానీ ముడి వనజ ఒక్కతే. ఆ పాట లేకుండా ఆ ఆట నడిస్తే, ఆ టాకీసులో తను గానీ తనలాంటి ఇంకో ఆడది గానీ ఎన్నడూ కూర్చోనట్టే లెక్క. ఆలోచన అక్కడికి వచ్చేసరికి ఆమె కాలు మిషన్ పెడల్ మీద గట్టిగా పడింది.

ఆదివారం చర్చి నుంచి ఐలవ్వ నేరుగా షాపుకొచ్చింది. ఐలవ్వది ఊరవతలి పల్లె. ఒకప్పుడు నాట్లేసి, బీడీలు చుట్టి, ఆ చేతులు కడుక్కుని మ్యాట్నీకి పరుగెత్తిన మనిషి. ఇప్పుడు నడుము వంగింది గానీ గొంతు మాత్రం నేల టికెట్ రోజుల్లో ఉన్నట్టే ఉంది. షాపులో అప్పటికే కర్ణాకర్ భార్య రాధమ్మ జాకెట్ కొలతకు నిలబడి ఉంది.

“పాట కోసిన్రా?” ఐలవ్వ సంగతి విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “ఎవడే కోసింది?”

“మా ఇంటాయనే,” అంది రాధమ్మ. ఆమెకీ ఆ సంగతి అప్పుడే తెలిసింది. “నాతోని ఒక్క ముక్క చెప్పలే చూడు. సన్మానానికి శాలువలు తెచ్చిన్రు, గవి మాత్రం చూపిచ్చిండు.”

“నీకు ముడి జాకెట్ ఉండెనా రాధమ్మా?”

“ఉండకేం? నా లగ్గంల గదే తొడుక్కున్న. వనజనే కుట్టింది. ముడి కనపడాలని పైటకు సన్నగ కుచ్చులు పెట్టి పిన్నీసు గుచ్చింది మా వదిన.”

ముగ్గురూ ఒక్కసారి నవ్వారు. సిద్దిపేటలో ఆ ఏడు ఆడపిల్లలందరి పైటలకీ పిన్నీసులు పడ్డాయి. ముడి ఎడమ చేతికి, పైటా ఎడమ భుజం మీదికే. పైట జారితే ముడి మునుగుతుంది. అందుకని పైటను మడతలు పెట్టి భుజానికి కరిపించారు. హుస్నాబాద్ బస్సులో ఎవరైనా అలా పైట కుదించుకుని ఎక్కితే, ‘సిద్దిపేట పిల్లవా?’ అని అడిగేవారు.

“కరీంనగర్ కోడలు యాదికున్నదానే?” అంది ఐలవ్వ పొట్ట పట్టుకుని. “మా వాడకట్టుకు వచ్చింది సూడు, కుడిచెయ్యికి ముడేసుకుని! బాయి కాడ నవ్వి నవ్వి ఏడిపిచ్చినం దాన్ని.”

“పాపం, అది జాకెట్ పట్టుకుని నా దగ్గరికొచ్చింది,” అంది వనజ. “ఊరు ఊరంత నవ్వుతున్నరక్కా అని ఒకటే ఏడుపు. ముడి విప్పి ఎడమ చెయ్యికి కుట్టిచ్చిన. కరీంనగర్ టైలర్ సినిమా చూడలేదేమోనని చెప్పి తోలిచ్చిన.”

రాధమ్మ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. “వనజా, నాకొక ముడి జాకెట్ కుట్టు. ఆటనాటికి కావాలె.”

“ఆడోళ్లకు జాగ లేదంటున్నరు గదా?”

“ఎట్ల లేదంటరో నేను చూస్త.”

ఆ రోజు నుంచి షాపుకు జాకెట్ కోసం వచ్చిన ప్రతి మనిషీ గుడ్డతో పాటు ఆ కబురునూ ఇంటికి మోసుకెళ్లింది. ‘పాట కోసిన్రట’ అన్న మాట సిద్దిపేట వంటిళ్లలో పోపు వాసన కంటే తొందరగా పాకింది. ముడి జాకెట్లు అడిగేవాళ్లు పెరిగారు. మనవరాళ్లున్న ఆడవాళ్లు కొందరు సిగ్గుపడుతూనే, ‘ఊకెనే, ఒక్క రోజుకే’ అంటూ గుడ్డ బల్ల మీద పెట్టారు. వనజ పగలు జాకెట్లు, సాయంత్రం తెర కుట్టింది. తెర పొడుగు షాపులో పట్టక గడప దాటి ఫుట్‌పాత్ మీద పరుచుకుంది. దారిన పోయేవాళ్లు అడుగు ఎత్తి దాన్ని తొక్కకుండా దాటారు. అంచులు అతికింది, పైన తాడు దూర్చే జాగ కుట్టింది. కుచ్చుల గుడ్డ మాత్రం కత్తిరించి పక్కన పెట్టింది.

ఆటకు ముందురోజు పొద్దున వనజ రోడ్డు దాటింది. ఎదురుగానే ఉన్నా ఆ చాయ్ హోటల్లోకి ఆమె అడుగు పెట్టడం అదే మొదలు. లోపల ఎవరో భుజాల మీదుగా పాకిన కథ సగంలో ఉంది. ఆమెను చూసి ఆగిపోయింది.

“తెర అయింది కర్ణాకరన్నా. తీస్కపోవచ్చు. కుచ్చులు ఒక్కటే వెయ్యలే.”

“కుచ్చులు లేకుంటే ఎట్ల చెల్లె? దవాఖాన పరదా లెక్కుంటది.”

“అవు, గట్లనే ఉంటది. పాట పెడితే కుచ్చులు వేస్త.”

మూలన కూర్చున్న ఒకాయన పకపకా నవ్వాడు. “బెదిరిస్తున్నవా అక్కా?”

“బెదిరిస్తలేనన్నా. పాట లేని ఆటకు కుచ్చులు లేని తెర సరిపోతదంటున్న. మీరు భుజాలెక్కి టికెట్లు తెచ్చుకున్నది నిజమే. కాదన్లే. మేం బువ్వండిపెట్టి, పిల్లలను చంకనేసుకుని, బస్సు పోతదని భయపడుకుంట వచ్చినం. మా ముచ్చట ఎవరన్న చెప్పిన్రా గీ హోటల్ల ఒక్కనాడన్న?”

మామూలుగా అయితే కర్ణాకర్ ఏదో ఒకటి అనేవాడు. కానీ ఆయన ఆ పూట చాయ్‌లో బ్రెడ్డు ముంచుకుని తింటున్నాడు. పక్కన కూర్చున్న దోస్తూ అంతే. ఆ వారం చాలా ఇళ్లల్లో పొద్దటి టిఫిన్లు పాట దగ్గరే ఆగిపోయాయి.

“మా ఇంట్ల గూడ గదే నడుస్తుంది చెల్లె,” అన్నాడు కర్ణాకర్ చివరికి, బ్రెడ్డు గ్లాసులో విరిగిపడితే దాని వైపు దిగులుగా చూస్తూ. “ఏం ఉప్మానో ఏమో, మూడు దినాలైంది నోట్ల పడక. సరే, పెడ్తం. ఆ ఒక్క పాట.”

“మొత్తం పెట్టాలె. కొస దాకా. రాజం మామ కోసిన సగం కూడ.”

“మొత్తం పెడ్తం తల్లీ. మా ఉపన్యాసాలే కోసుకుంటం.”

వనజ నవ్వు ఆపుకుని రోడ్డు దాటింది. ఆ సాయంత్రం కుచ్చులు వేస్తుంటే, కొత్తగా మిషన్ నేర్చినప్పటిలా ఆమె చేతులు తొందరపడ్డాయి. దారం తెగినా విసుక్కోలేదు.

ఆడవాళ్ల గేటు సందులో ఉండేది. దాన్ని తెరవాలన్న సంగతి మిత్రబృందంలో ఎవరికీ తోచలేదు. గేటు నిండా తుమ్మకంప, ఏవో తీగలు. మర్నాడు పొద్దుగూకకముందే ఐలవ్వ తన పల్లె ఆడవాళ్లను వెంటేసుకుని, కొడవలి చేత పట్టుకుని వచ్చింది. నడుము వంగిన మనిషి ఆ కంపను కోస్తుంటే పడుచువాళ్లు ఈడ్చి పక్కనేశారు. తాళం చెవి ఎవరి దగ్గరా లేదు. రాధమ్మ భర్తకు ఫోన్ చేసింది. ఆయన చెమటలు కక్కుతూ వచ్చి రాయితో తాళం పగలగొట్టాడు.

లోపల వాసన మారలేదనిపించింది వనజకు. సున్నం, గబ్బిలాలు, ఎన్నో ఏళ్ల పల్లీల పొట్టు. ఆడవాళ్ల బెంచీలు సగం విరిగాయి. మధ్యలో అడ్డంగా ఉన్న పొట్టి గోడ అలాగే ఉంది. గోడకు అవతల మగవాళ్లు ప్లాస్టిక్ కుర్చీల్లో దర్జాగా కూర్చుని ఉన్నారు. ఇవతల ఆడవాళ్లు వస్తూనే ఉన్నారు. బెంచీలు నిండాయి, నేల నిండింది, మెట్లు నిండాయి. కాసేపటికి ఐలవ్వ ఆ పొట్టి గోడ ఎక్కి అవతలికి దిగింది. ఆ వెనకే మరికొందరు. మర్యాదకు ఒకరు లేచారు, సిగ్గుకు ఇద్దరు లేచారు. చూస్తుండగా మిత్రబృందమంతా గోడవారగా నిలబడి ఉంది.

ఎక్కడ చూసినా పైటలు సన్నగా మడిచి భుజాలకు కరిపించి ఉన్నాయి. ఎడమ చేతులకు ఎర్రవి, పచ్చవి, చిలకాకుపచ్చవి ముడులు. వనజ కూడా గొల్లభామ చీర కట్టుకుని, తన పాత ముడి జాకెట్‌ను పక్కలు విప్పి సరిచేసి తొడుక్కుంది. ఒక్క చూపులో తన చేతిపని అంతా కనపడుతుంటే కళ్లు చెమర్చాయి. ఇంతమంది యాదికి పెట్టుకున్నారా!

కర్ణాకర్ మైకు పట్టుకుని, “ఆ రోజుల్లో మా అభిమానులు...” అని మొదలుపెట్టాడు.

“ఇగ చాలు, తెర లేపుండ్రి!” అంది ఐలవ్వ. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వి, మైకు కింద పెట్టాడు. మిగిలిన ఉపన్యాసాలు చెప్పాల్సినవాళ్లు కాగితాలు జేబుల్లో పెట్టుకున్నారు.

గంట మోగింది. దీపాలు ఒక్కొక్కటే ఆర్పారు. రాజం తాడు లాగాడు. ఎర్ర తెర కుచ్చులూపుకుంటూ, తొందర లేకుండా లేచింది. పక్కనున్న రాధమ్మ వనజ చెయ్యి పట్టుకుంది.

బుల్లెట్ గోడ దూకినప్పుడు మగవాళ్లు ఈలలేశారు. కర్ణాకర్ కాగితం ముక్కలు గుప్పిట్లోంచి గాలిలోకి విసిరాడు. తెల్లటి జుట్టు మీద తెల్లటి కాగితాలు పడ్డాయి. ఆడవాళ్లూ ఈలలేసిన వాళ్ల వైపు చూసి ముచ్చటపడ్డారు. ఆ మాత్రం దానికి ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు.

అప్పుడు పాట వచ్చింది.

గోడకు వేలాడే గుండ్రటి అద్దం తెరంతా పరుచుకుంది. అందులో ఆమె ముఖం, బుట్టచెయ్యి, రిబ్బను. కొసను పళ్లతో పట్టుకుంది. హాలులో గుసగుసలు ఆగిపోయాయి. చీకట్లో ఎందరో ఆడవాళ్ల పెదాలు తమకు తెలియకుండానే ముడుచుకున్నాయి. ముడి బిగిసింది. ఆమె నవ్వి, వెనక్కి తిరిగి, తలుపు తీసి, అడుగు బయట పెట్టింది.

ఇక్కడే జీపులు రావాలి. రాలేదు. పచ్చటి పొలం వచ్చింది, గట్టు వచ్చింది, పక్కన కాలువ వచ్చింది. ఆమె గట్టు మీద పరుగెత్తుకుంటూ పాడుతోంది. వనజ ముందు ఆ పచ్చదనమంతా ఆబగా చూసింది. ఇన్నేళ్లుగా ఊహించుకున్నదాని కంటే బాగుంది. తరువాత, పనిమనిషి కళ్లు పనికే పోతాయి కనుక, జాకెట్ చెయ్యి చూసింది.

ముడి కుడి చేతికి ఉంది.

బొమ్మ తిరగబడి వచ్చిందేమో అనుకుంది. పైట చూసింది. పైట ఎడమ భుజం మీదే ఉంది. కాలువ దాటినా, చెట్టు పట్టుకుని తిరిగినా, ముడి కుడి చేతికే. అప్పుడు తెలిసింది. తను ఆనాడు చూసింది మనిషిని కాదు, అద్దాన్ని. రోజూ షాపులో అద్దం ముందు మనుషుల్ని నిలబెట్టి కొలతలు తీసే తను, ఆ అద్దాన్నే నమ్మి ఊరు ఊరంతటికీ తప్పు చేతికి ముడి కుట్టి పెట్టింది. కరీంనగర్ కోడలి ఏడుపు ముఖం గుర్తుకొచ్చింది. ఆ పిల్ల జాకెట్‌దే సరైన ముడి. దాన్ని తన చేత్తో విప్పి పారేసింది.

వనజకు తల తీసేసినట్టయింది. కుడిచెయ్యి దానంతటదే వెళ్లి ఎడమ చేతి ముడిని కప్పుకుంది. ఈ పాట కావాలని పట్టుబట్టింది తనే. కొస దాకా వేయమని రోడ్డు దాటి వెళ్లి అడిగింది తనే.

“ఆగుండ్రి! గామెకు ముడి గా చెయ్యికున్నదేంది?” అని ముందు వరసలో ఎవరో అన్నారు. తలలు తెర వైపు ఒకసారి, తమ చేతుల వైపు ఒకసారి తిరిగాయి. ఆ తరువాత అన్నీ వనజ వైపు తిరిగాయి. గోడవారగా నిలబడ్డ మగవాళ్లలో ఒకడు పెద్దగా అన్నాడు, “వనజక్క ఊరికంత ఉల్టా కుట్టిందిరోయ్!”

అటువైపు నవ్వులు లేచాయి. రాజం మాత్రం తాడు దగ్గర నుంచి, “గీ సగమే నేను కోసింది...” అని గొణిగాడు. వనజ లేచి వెళ్లిపోదామనుకుంది. రాధమ్మ ఆమె చెయ్యి వదల్లేదు.

అప్పుడు ఐలవ్వ లేచి నిలబడింది. వంగిన నడుముతో ఎంత నిలబడగలదో అంత.

“ఎవడురా ఉల్టా అన్నది? ఇటు రా! కుడిచెయ్యికి కట్టుకుంటే కుడిచెయ్యితోని ఎట్ల ముడేసుకుంటవ్ చెప్పు? ఎడమ చెయ్యితోని నీ లుంగీ ముడేసుకోని చూపియ్యి, నేను చూస్త!” హాలు గొల్లుమంది. ఐలవ్వ ఆగలేదు. “గామె సినిమామనిషి. కుడిచెయ్యికైనా, యాడికైనా కట్టనీకి పక్కన మనిషుంటది. మనకెవరున్నరే? నాటేసి వచ్చి, పిల్లకు పాలిచ్చి, పళ్లతోని పట్టుకుని మనకు మనమే కట్టుకున్నం. మనకు కుట్టినట్టు కుట్టింది వనజ. తప్పేసుకున్నది గామెనే!”

“అవునే, గామెనే తప్పేసుకుంది!” అని ఎవరో అందుకున్నారు. “సక్కగ కట్టుకో బిడ్డా!” అని ఇంకో మూల నుంచి. ఆడవాళ్ల నవ్వు పైకప్పు రేకులకు తగిలింది. గబ్బిలాలు లేచి తెర మీద నీడలు వేశాయి. ఆ నవ్వులోంచే ఒక అరుపు వచ్చింది. ఆ టాకీసులో ఎన్నో ఏళ్లుగా ఎవరూ అరవని అరుపు.

“వన్స్ మోర్!”

హాలంతా అందుకుంది. కర్ణాకర్ గబగబా వెళ్లి పాటను మొదటికి తిప్పాడు. అద్దం మళ్లీ వచ్చింది. ఈసారి ముడి బిగిసినప్పుడు వందల ఎడమ చేతులు గాలిలోకి లేచాయి. వనజ ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. కప్పుకున్న చెయ్యి మాత్రం తీసేసింది.

తెల్లవారి జేసీబీ వచ్చింది. టాకీసు గోడ మొదటి దెబ్బకే లొంగలేదు. పోస్టర్ల మందమే దాన్ని నిలబెట్టిందని వనజ అనుకుంది. దుమ్ము షాపులోకి రాకుండా తడిగుడ్డ కట్టి, మళ్లీ మిషన్ ముందు కూర్చుంది. చూసేందుకు మనసొప్పలేదు, చూడకుండా ఉండేందుకూ ఒప్పలేదు.

కర్ణాకర్ తెర మూట భుజాన వేసుకుని వచ్చాడు. వెనక రాధమ్మ. ఆయన మూట బల్ల మీద పెట్టి, రాత్రంతా అరిచి బొంగురుపోయిన గొంతుతో అన్నాడు. “గుడ్డ నువ్వే ఉంచుకో చెల్లె. మంచి గుడ్డ. హోటల్ల పొద్దున ఇంక భుజాల ముచ్చటే రాలే. ఐలవ్వ ముచ్చటే నడిచింది.” గోడ పడుతున్న వైపు చూసి, రోడ్డు దాటి దోస్తుల దగ్గరికి పోయాడు.

రాధమ్మ మూట విప్పి, తెర అంచును చేత్తో నిమిరింది. “గీ గుడ్డతోనే రిబ్బన్లు కొయ్యి వనజా. మా కోడలు సంగీత తనకు గూడ ముడి జాకెట్ కావాలంటుంది.”

వనజ సంగీత జాకెట్ గుడ్డను బల్ల మీద పరిచింది. జాకెట్ చేతుల గుడ్డలు రెండూ పక్కపక్కన పెట్టింది. సుద్ద ముక్క తీసుకుంది. తీసుకుని ఆగింది. ఎదురుగా షాపు గోడ అద్దంలో ఆమె, సుద్ద ముక్క, రాధమ్మ కనపడుతున్నారు.

“రాధమ్మా, ముడి ఏ చెయ్యికి?”

రాధమ్మ ఆమె వైపు వింతగా చూసింది.

“ఎన్నడు అడగంది, గియ్యాల కొత్తగ అడుగుతవేందమ్మా?”

వనజ నవ్వి, ఎడమ చేతి గుడ్డ మీద గీత గీసింది.